కాషన్ మనీ

నా కిటికీ అద్దానికి పిడికెడంత కన్నం.
మాట సగమే దూరుతుంది అందులోంచి.
కాగితాలు మాత్రం బాగానే దూరుతాయి.
కిసుములో, యూనివర్సిటీ ఫీజుల కౌంటరు, రెండో నంబరు.
పందొమ్మిదేళ్ళుగా ఈ పక్కన నేను.

అకేయో మొదటిసారి వచ్చిన రోజు వరసంతా ముక్కు తిప్పుకుంది.
సరస్సు ఒడ్డున వలలు పరిచి
ఒమేనా ఎండబెట్టే మనిషి.
వేలెడు కూడా లేని ఆ చేపల వెండి పొట్టు
ఆమె మణికట్టు మీద, గడియారం ఉండాల్సిన చోట, మెరుస్తోంది.
ఫీజుల పట్టీని అద్దానికి ఆనించింది.
"బరాసా, ఇది చదువు. మెల్లగా.
నాకు చదువు రాదని కాదు.
ఈ చదువు రాదు."

ట్యూషను. పరీక్షలు. లైబ్రరీ. వైద్యం. గుర్తింపు కార్డు.
ప్రతి మాట దగ్గరా ఆపి అడిగింది.
జబ్బు చెయ్యకపోతే వైద్యం డబ్బు తిరిగిస్తారా?
ఇవ్వరు.
పుస్తకం ముట్టకపోతే?
ఇవ్వరు. ముట్టుకోమని చెప్పు.
ఈ కార్యకలాపాలంటే ఏం చేస్తారు?
నాకూ తెలీదమ్మా అన్నాను,
అప్పటికి పదిహేనేళ్ళ సర్వీసు.
చారణా కోడికి బారణా మసాలా, అని జోకు కూడా వేశాను.
ఆమె నవ్వలేదు.
పెదవులు కదుపుతూ షిల్లింగులను గంపల్లోకి మార్చుకుంటోంది.
ట్యూషను డెబ్బై గంపలు. హాస్టలు పదకొండు.
చివరి వరస: కాషన్ మనీ, అయిదు వేలు. మూడు గంపలు.

"ఇదేమిటి?"
మీ పిల్ల ఏదైనా పగలగొడితే పట్టుకోడానికి.
పగలగొట్టకపోతే వెళ్ళేటప్పుడు ఇచ్చేస్తాం.
"అంటే సోడా సీసా మీద డిపాజిట్టు."
అంతే.
"ఆ ముక్క మొదటే చెప్పచ్చుగా" అని
ఆ ఒక్క రసీదునీ మిగతావాటిలో కలపకుండా
తలగుడ్డ మడతలో దోపుకుంది.

నాలుగేళ్ళు కట్టింది.
ఒక్క వాయిదా కూడా గుండు అంకె కాదు.
మూడు వేల రెండొందల నలభై.
తరవాతి వారం పదకొండొందల అయిదు.
ఒమేనా దీపానికి వస్తుంది, చంద్రుడుంటే రాదు.
గడువు తేదీలు వేసేవాళ్ళు
ఆకాశం వైపు చూడరు.
వేట మూసేసిన నెలల్లో చర్చి ఆవరణలో హరాంబే పెట్టారట.
ఎవరో కోడిని తెచ్చారట చందాగా,
ఒకే కోడిని మూడుసార్లు వేలం వేశారట,
పాడుకున్న ప్రతివాడూ డబ్బు కట్టి
కోడిని మళ్ళీ బల్ల మీదే పెట్టి వెళ్ళాడట.
నా జోకు గుర్తొచ్చి తలెత్తలేకపోయాను.

అపియోకు పట్టా వచ్చిన మూడో రోజు
అదే తలగుడ్డలోంచి అదే రసీదు.
మడతల దగ్గర అంకెలు చెరిగాయి.
ఆ ఫారం ఎక్కడుందో నాకు తెలీలేదు.
ఎవరూ అడగరు.
అడగరని తెలిసే కదా
ఆ సొరుగుకు తాళంచెవి పోయినా
మేం వెతకలేదు.

లైబ్రరీ సంతకం. హాస్టలు సంతకం.
ప్రయోగశాలలో ఒక గాజు జాడీ పగిలిందని
మూడొందల నలభై తగ్గించారు.
"పగిలిందంటే న్యాయమే" అంది.
నాలుగు వేల ఆరొందల అరవై.
ఇప్పటి ధరకు రెండు గంపలు నిండవు.
నోట్లు కన్నంలోంచి తోశాను.
తీసుకోలేదు.
వాటి మీద ఇంకో ఫీజుల పట్టీ పెట్టి వెనక్కి తోసింది.

అపియో అంటే ముందొచ్చినది.
దాని వెనకే పుట్టిన కవల అదోంగో,
ఆ మాటకు వాళ్ళ భాషలో ఉండిపోయినదని అర్థం.
కడుపులోంచి పావుగంట తేడా,
నా కౌంటరు దగ్గరికొచ్చేసరికి నాలుగేళ్ళయింది.
ఆ నాలుగేళ్ళూ వలలు ఎవరు తిప్పారో
నేను అడగలేదు.

కాషన్ మనీ ఈ ఏడు ఏడు వేలు.
చదివి చెప్పనా, అన్నాను.
"వద్దు. నేను చదువుతా. నువ్వు విను."
వేలు పెట్టుకుని, వరస వరసా,
వెనక జనం విసుక్కుంటున్నా పట్టించుకోకుండా
ట్యూషను, పరీక్షలు, లైబ్రరీ, వైద్యం.
కార్యకలాపాల దగ్గర వేలు ఆగింది.
వంగి, కన్నంలోంచి నా మొహంలోకి చూసింది.

ఇప్పటికీ తెలీదు.